తిరుపతి ఎండల్లో చలివేంద్రం: పెట్టడం ఎలా, చివరిదాకా నడపడం ఎలా

మార్చి సగం దాటిందంటే ఒకే ప్రశ్న నాలుగు రూపాల్లో వస్తుంది. “మా పేటలో ఏదైనా సేవ చేయాలని ఉంది, దేనితో మొదలుపెట్టాలి?”, “మేం పదిమంది స్నేహితులం, చలివేంద్రం పెట్టాలంటే ఎవరిని అడగాలి?”, “కుండలు మంచివా, క్యాన్లు మంచివా?”, “పోయినేడు మొదలుపెట్టాం, పది రోజులకే ఆగిపోయింది, ఎందుకంటారు?” ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

చివరి ప్రశ్నకే ముందు జవాబు. మన ఊళ్లో చలివేంద్రాలు తెరిచేవాళ్లకు కొదవ లేదు. తెరిచిన రోజు రిబ్బను, మజ్జిగ, పుచ్చకాయ ముక్కలు, ఫొటోలు అన్నీ ఉంటాయి. పది రోజులు పోయాక అటుగా వెళ్తే ఫ్లెక్సీ మాత్రమే ఉంటుంది, కుండలో చుక్క ఉండదు. ఆరంభ శూరత్వం అంటారే, అది. కుండ కొనేవాళ్లు దొరుకుతారు. మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు వచ్చి దాన్ని మళ్లీ నింపే మనిషి దొరకడమే కష్టం. అందుకే ఈ వ్యాసంలో కుండల కంటే మనుషుల ఏర్పాటు గురించే ఎక్కువ చెబుతాను.

మీతో కలిపి ఏడుగురు లేకపోతే సొంతంగా మొదలుపెట్టకండి. దగ్గర్లో ఇప్పటికే నడుస్తున్న చలివేంద్రానికి వెళ్లి “మధ్యాహ్నం వంతు నేను తీసుకుంటాను” అని చెప్పండి. వాళ్లు కాదనరు. కొండ మీద భక్తులకు సేవ చేయాలనుకునేవాళ్ల దారి వేరు. దానికి తిరుమల తిరుపతి దేవస్థానం 2000లో మొదలుపెట్టిన శ్రీవారి సేవ ఉంది, పేరు ముందుగా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి. ఈ వ్యాసం కొండ కింద ఊరి కోసం.

కావలసినవి

- కుళాయి ఉన్న మట్టి బానలు రెండు, లేదా మూడు. కుళాయి లేనివే దొరికితే ఒక్కోదానికి పొడవాటి కాడ ఉన్న ముంచుడు గరిటె ఒకటి.
- సరిగ్గా కూర్చునే మూతలు. మూత మీద పెట్టడానికి బరువు.
- బానల కింద పరచడానికి ఇసుక, చుట్టూ చుట్టడానికి గోనెపట్టలు.
- స్టీలు గ్లాసులు, పోయడానికి మూతి ఉన్న చెంబు, కడగడానికి రెండు తొట్లు.
- పందిరికి గుంజలు, తాటాకు లేదా కొబ్బరి మట్టలు. షామియానా అయినా సరే.
- శుభ్రం చేయడానికి కొబ్బరి పీచు, బ్లీచింగ్ పౌడరు. నీటికి వేసే క్లోరిన్ మాత్రలు వేరు, రెండింటినీ ఒకే డబ్బాలో ఉంచవద్దు.
- ఓఆర్ఎస్ ప్యాకెట్లు.
- ఒక నోటు పుస్తకం, దారంతో కట్టిన పెన్ను. దారం లేని పెన్ను సాయంత్రానికి ఉండదు.

1. చోటు చూసుకోండి

మీ ఇంటి ముందు పెడితే మీకు సులువు. కానీ అక్కడ దాహంతో ఎవరైనా నిలబడతారా? ఒక రోజు ఉదయం పదకొండు నుంచి నాలుగు దాకా ఆ చోటును గమనించండి. ఆసుపత్రి ఓపీ బయట రోగుల వెంట వచ్చినవాళ్లు, షేర్ ఆటోల కోసం నిలబడేవాళ్లు, పొద్దున పని కోసం అడ్డాలో చేరే కూలీలు, మార్కెట్లో బరువులు మోసేవాళ్లు: నీళ్లు కావలసింది వీళ్లకు. అలిపిరి మెట్ల దారిలో దేవస్థానం ఏర్పాట్లు ఉన్నాయి, అక్కడ ఇంకో కుండ అక్కర్లేదు. బస్టాండు లోపల, రైల్వే స్టేషన్ లోపల అనుమతి తెచ్చుకోవడం పెద్ద పని. బయట ఆటోలు ఆగే చోటే మేలు.

నీడ విషయంలో చాలామంది లెక్క తప్పుతారు. పొద్దున చూసి “ఇక్కడ నీడ బాగుంది” అనుకుంటారు. మధ్యాహ్నానికి అక్కడే ఎండ నిప్పులు చెరుగుతుంది. గోడకు తూర్పు వైపున పెడితే మధ్యాహ్నం తర్వాత నీడ వస్తుంది, పడమటి వైపున పెడితే సాయంత్రం దాకా బానలు కాగుతాయి. పైగా ఏప్రిల్ ఆఖరి వారంలో మన తిరుపతిలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, అప్పుడు ఏ గోడా నీడ ఇవ్వదు. కాబట్టి గోడ ఉన్నా పైన పందిరి తప్పదు.

హెచ్చరిక: రోడ్డు మలుపులో పెట్టవద్దు. నీళ్లు తాగడానికి ఆగిన ద్విచక్ర వాహనాల వెనుక బస్సు వస్తుంది. ఎదురుగా పార్కు చేయడానికి కాస్త జాగా ఉండాలి.

2. అనుమతి, అంతకంటే ముఖ్యంగా పక్క దుకాణం

వార్డు సచివాలయంలో ఒక కాగితం రాసి ఇవ్వండి: ఎక్కడ, ఎన్ని నెలలు, బాధ్యులు ఎవరు, ఫోను నంబరు. రోడ్డు వెంట అయితే ట్రాఫిక్ పోలీసులకు కూడా చెప్పండి. ఇచ్చిన కాగితం నకలు మీద ముద్ర వేయించుకొని దగ్గర ఉంచుకోండి.

కాగితం కంటే పనికొచ్చేది పక్క దుకాణం యజమాని సమ్మతి. ఆయన కళ్ల ముందే రోజంతా బాన ఉంటుంది. ఖాళీ అయితే ఫోను చేసేది ఆయనే, రాత్రి గ్లాసులు లోపల పెట్టేది ఆయనే. “అన్నా, మీ అంగడి పక్కన పెట్టుకోవచ్చా?” అని అడిగి ఊరుకోకండి. నీళ్లు ఒలికి ముందంతా బురద అయితే ఎవరు శుభ్రం చేస్తారో కూడా అప్పుడే చెప్పండి. నీళ్ల సీసాలు, శీతల పానీయాలు అమ్మే అంగడి ముందు మాత్రం పెట్టవద్దు. మీ సేవ ఆయన బేరానికి అడ్డు రాకూడదు.

3. వంతుల పట్టిక రాయండి

కుండలు కొనక ముందే ఇది పూర్తి కావాలి. రోజుకు నాలుగు వంతులు:

- ఉదయం 6:30: బానలు కడిగి నింపడం.
- మధ్యాహ్నం 12:00: మళ్లీ నింపడం, గ్లాసులు కడగడం.
- 3:00: మళ్లీ నింపడం, గోనెపట్టలు తడపడం.
- సాయంత్రం 6:30: మిగిలిన నీళ్లు చెట్లకు పోసి, గ్లాసులు లోపల పెట్టడం.

వారానికి మొత్తం 28 వంతులు. ఏడుగురు ఉంటే మనిషికి నాలుగు, పద్నాలుగు మంది ఉంటే రెండు. “ఎవరికి వీలైతే వాళ్లు” అని మాత్రం రాయకండి. అలా రాసిన పట్టికలో రెండో వారానికి ఎవరికీ వీలు కాదు. ప్రతి వంతుకు ఒక పేరు, దాని పక్కన ప్రత్యామ్నాయంగా ఇంకో పేరు ఉండాలి. రాలేనివాళ్లు వాట్సాప్ గుంపులో “ఈ రోజు కుదరదు” అని పెట్టి చేతులు దులుపుకుంటే సరిపోదు. తమ బదులు మనిషిని తామే చూడాలి. ఈ ఒక్క నియమం మొదటి రోజే అందరి చేతా ఒప్పించండి.

ఉద్యోగులకు ఉదయం, సాయంత్రం వంతులు ఇవ్వండి. కాలేజీ పిల్లలను పరీక్షల తేదీలు అడిగాకే పట్టికలో రాయండి. జాతీయ సేవా పథకంలో ఉన్న విద్యార్థులు రెండేళ్లలో 240 గంటల సేవ చేయాలి. మీ దగ్గర పనిచేసిన గంటలు అందులోకి వస్తాయా అన్నది వాళ్ల కాలేజీ ప్రోగ్రాం అధికారిని ముందే అడగమనండి. పని అయిపోయాక ధ్రువపత్రం కోసం తిరగడం ఇద్దరికీ తలనొప్పి.

మధ్యాహ్నం రెండు వంతులకు మనిషి దొరకకపోతే? పక్కనే పూలు అమ్మే అమ్మకో, కాపలా ఉండే పెద్దాయనకో నెలకు ఇంత అని ఇచ్చి ఆ పని అప్పగించండి. డబ్బు ఇస్తే అది సేవ ఎలా అవుతుందని కొందరు మూతి ముడుస్తారు. నీళ్లు తాగేవాడికి ఆ తేడా తెలియదు. ఫ్లెక్సీకి పెట్టే డబ్బు ఇటు మళ్లించండి.

4. నీళ్లు ఎక్కడివి, ఎన్ని

ఒక గ్లాసు 200 మిల్లీలీటర్లు అనుకుంటే 20 లీటర్ల క్యానుకు వంద గ్లాసులు. రోజుకు మూడు వందల మంది తలా రెండు గ్లాసులు తాగితే ఆరు క్యాన్లు. రద్దీ చోటైతే సీసాలు నింపుకునేవాళ్లు కూడా ఉంటారు. వాళ్లను కసురుకోవద్దు, వాళ్లే ఎక్కువ దూరం వెళ్లేవాళ్లు. మే నెలలో గంగమ్మ జాతర జరిగే వారం తాతయ్యగుంట పరిసరాల్లో ఉంటే ఈ లెక్క పనికిరాదు, క్యాన్లవాడికి ముందుగానే చెప్పి ఉంచండి.

మన ఊరి బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా, గడుసుగా ఉంటాయి. అందుకే అందరూ శుద్ధి చేసిన క్యాను నీళ్లకే మొగ్గుతారు. బాగానే ఉంది. కానీ ఒక సంగతి గుర్తుంచుకోండి. ఆర్ఓ నీళ్లలో క్లోరిన్ మిగలదు. క్యానులో ఉన్నంతసేపు శుభ్రంగా ఉన్నా, బానలో పోశాక ఒక్క మురికి చెయ్యి పడితే ఆ నీళ్లకు తమను తాము కాపాడుకునే శక్తి లేదు. “మినరల్ వాటరే కదా” అని రెండు రోజులు అలాగే ఉంచడం అందరూ చేసే తప్పు. ఏ రోజు నీళ్లు ఆ రోజే అయిపోవాలి, మిగిలితే చెట్లకు.

మున్సిపాలిటీ కుళాయి నీళ్లో, ట్యాంకరు నీళ్లో వాడుతుంటే గుడ్డతో వడకట్టి, ప్యాకెట్టు మీద ఉన్న కొలత ప్రకారం క్లోరిన్ మాత్ర వేసి, అరగంట ఆగాకే తాగడానికి ఇవ్వాలి. బ్లీచింగ్ పౌడరు చిటికెడు చొప్పున అంచనా మీద తాగే నీళ్లలో వేయకండి.

5. బానలు సిద్ధం చేయండి

కొత్త బానను రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. మర్నాడు సబ్బు లేకుండా పీచుతో రుద్ది కడిగి, ఎండలో ఆరబెట్టండి. మట్టి సబ్బును పీల్చుకుంటుంది, ఆ వాసన వారం పోదు. మొదటిసారి నింపిన నీళ్లు పారబోయండి.

బాన చల్లబరిచేది దాని ఒంటి మీది సన్నని రంధ్రాల గుండా ఊరిన తేమ ఆవిరి కావడం వల్ల. కాబట్టి అందం కోసం బానలకు రంగులు వేయించకండి. పెయింటు పూసిన బాన ప్లాస్టిక్ డబ్బాతో సమానం. కింద ఇసుక పరిచి తడపండి, చుట్టూ తడి గోనెపట్ట చుట్టండి, గాలి తగిలేలా వదలండి. బాన పాతబడి చల్లదనం తగ్గితే బయటి వైపు పీచుతో గట్టిగా రుద్దండి. నీళ్లలోని ఉప్పు తెల్లగా పేరుకొని రంధ్రాలు మూసుకుపోయి ఉంటాయి.

కొందరు వట్టివేరు కట్ట వేస్తారు. మంచి వాసన, బాగుంటుంది. కానీ రోజూ తీసి కడిగి ఎండలో వేయాలి, వారానికి మార్చాలి. అంత ఓపిక లేకపోతే వద్దు.

కపిలతీర్థం, అలిపిరి వైపు ఉంటే కోతుల సంగతి మీకు చెప్పనక్కర్లేదు. మూత మీద ఇటుక పెట్టినా దొర్లిస్తాయి. అక్కడ బానలు మానుకొని, కుళాయి ఉన్న స్టీలు డ్రమ్ము గొలుసుతో కట్టడమే దారి.

6. తాగే తీరు

రోగాలు వచ్చేది ఎక్కువగా ఇక్కడే. మీరు క్యాను నీళ్లు పోసినా, లోపల మునిగిన గ్లాసు వెంట పదిమంది వేళ్లు మునిగినట్టే.

కుళాయి ఉంటే ఆ బాధ లేదు. లేకపోతే ముంచే గరిటె కాడ బాన అంచు బయటే ఉండేంత పొడవుండాలి. గ్లాసులు గొలుసుకు కట్టేసి ఉంచే పద్ధతి నాకు నచ్చదు. దొంగతనం ఆగుతుంది గానీ గ్లాసు కడగడం కూడా ఆగిపోతుంది. ఎవరైనా ఉన్న వేళల్లో చెంబుతో ఎత్తి దోసిట్లోనో, సీసాలోనో పోయడం అన్నిటికంటే శుభ్రం. మన పెద్దలు చేసిందీ అదే. గ్లాసులు వాడితే ఒక తొట్టిలో సబ్బు నీళ్లు, రెండో తొట్టిలో మంచి నీళ్లు పెట్టండి. రెండో తొట్టి నీళ్లు గంటకోసారి మార్చకపోతే కడిగీ లాభం లేదు.

వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులు దేశమంతటా 2022 జులై 1 నుంచి నిషేధం. కాగితం గ్లాసులకూ లోపల పూత ఉంటుంది, మురుగు కాలవలో అవీ అడ్డుపడతాయి. జాతర లాంటి రద్దీలో తప్పనిసరై వాడితే పక్కన పెద్ద డబ్బా పెట్టండి. సాయంత్రం ఆ డబ్బా ఎవరు ఎత్తుతారో పట్టికలో రాయండి.

7. మజ్జిగ ఇవ్వాలనుకుంటే

రోజూ ఇవ్వకండి. వారానికి ఒక రోజు, మనుషులు పక్కన ఉన్నప్పుడే ఇవ్వండి. లీటరు పెరుగుకు నాలుగు లీటర్ల నీళ్లు, ఉప్పు, దంచిన అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు. ఈ కొలతకు 25 గ్లాసులు వస్తాయి, వంద మందికి నాలుగు లీటర్ల పెరుగు. కలిపిన మూడు గంటల్లో అయిపోవాలి, ఎండకు పులిసిపోతుంది. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో పోయవద్దు, చిలుమెక్కి కడుపులో తిప్పుతుంది. నీళ్ల బానలో మజ్జిగ పోస్తే ఆ బాన మళ్లీ నీళ్లకు పనికిరాదు.

చేపల మార్కెట్టుకు వెళ్లే ఐసు దిమ్మలు పగలగొట్టి వేయడం చాలాచోట్ల కనిపిస్తుంది. ఆ ఐసు తాగడానికి తయారుచేసింది కాదు. చల్లదనం కావాలంటే క్యానులను ముందురోజు రాత్రి నీడలో ఉంచండి, చాలు.

శ్రీరామనవమి నాడు పానకంతో ప్రారంభించే ఆనవాయితీ మంచిదే. తీపికి కందిరీగలు వస్తాయి, పల్చటి గుడ్డ కప్పి ఉంచండి.

8. రోజూ చూడవలసినవి

ఉదయం బాన ఖాళీ చేశాక లోపలి గోడను వేలితో రుద్ది చూడండి. గరగరలాడితే బాగున్నట్టు. జారుతూ ఉంటే, పాలు కాచిన గిన్నె అంచులా పలచని జిగురు వేలికి అంటితే, ఆ రోజు పీచుతో రుద్ది, వేడి నీళ్లతో కడిగి, ఎండలో బోర్లించి, వేరే బాన వాడండి. మూడో బాన ఎందుకని అడిగేవాళ్లకు జవాబు ఇదే.

క్లోరిన్ వేసిన నీళ్లైతే, మున్సిపాలిటీ సిబ్బంది వాడే చిన్న పరీక్ష డబ్బా మందుల దుకాణాల్లో అడిగి చూడండి. నీళ్లలో దాని చుక్కల మందు వేస్తే పసుపు తిరగాలి. రంగు రాకపోతే క్లోరిన్ లేనట్టు. తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. పరీక్ష చేసిన నీళ్లు పారబోయండి, బానలో తిరిగి పోయకండి. క్రిములున్నాయో లేదో చూసే సీసాలు కూడా ఉంటాయి. నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే నల్లబడితే కలుషితం అయినట్టు. మీ వార్డు ఆరోగ్య సిబ్బందిని అడిగితే ఎక్కడ దొరుకుతాయో చెబుతారు.

ఇసుక చుట్టూ, తొట్ల కింద నీళ్లు నిలిస్తే దోమలు గుడ్లు పెడతాయి. వారానికి ఒక రోజు అంతా ఎండగట్టండి. పశువులకు, కుక్కలకు పెట్టే తొట్టికి కూడా ఇదే నియమం.

అసలైన పరీక్ష మాత్రం ఒకటే. మధ్యాహ్నం మూడు గంటలకు ఎవరికీ చెప్పకుండా వెళ్లి కుళాయి తిప్పండి. వారంలో రెండుసార్లు ఖాళీగా దొరికితే పట్టిక మార్చాలి, మనుషులను తిట్టి లాభం లేదు. నోటు పుస్తకంలో రోజూ ఎన్ని క్యాన్లు ఖర్చయ్యాయో రాయించండి. క్యాన్లు తగ్గుతున్నాయంటే జనం తగ్గారని అనుకోకండి. బాన ఖాళీగా ఉందేమో, నీళ్లు వాసన వస్తున్నాయేమో ముందు చూడండి.

9. ఎవరైనా సొమ్మసిల్లితే

చలివేంద్రం దగ్గర ఇది తప్పకుండా జరుగుతుంది. నీడలో పడుకోబెట్టండి, బిగుతు బట్టలు వదులు చేయండి, మెడ, చంకలు తడిగుడ్డతో తుడిచి విసరండి. స్పృహ ఉంటే లీటరు నీళ్లలో ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్టు కలిపి కొద్దికొద్దిగా తాగించండి. స్పృహ లేనివారి నోట్లో ఒక్క చుక్క కూడా పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మాట తడబడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా వెంటనే 108కి ఫోను చేయండి. ఈ నాలుగు వాక్యాలు రాసి పందిరి గుంజకు కట్టండి.

10. డబ్బు, ఫ్లెక్సీ

నగదు కంటే వస్తువుగా తీసుకోండి. “వారానికి పది క్యాన్లు మా తరఫున” అన్నవారి పేరు క్యాన్లవాడికే చెప్పి, వాళ్లనే నేరుగా చెల్లించమనండి. అప్పుడు లెక్కల తగాదా రాదు. నగదు తీసుకుంటే ఆ రోజే పుస్తకంలో రాసి, పుస్తకం చలివేంద్రం దగ్గరే ఉంచండి. ప్రారంభోత్సవానికి నాయకులను పిలవాలా అని అడుగుతుంటారు. పిలవండి, తప్పేముంది. ఫ్లెక్సీ ఎంత పెద్దదో అన్ని క్యాన్లు కూడా వారి తరఫున అడగండి.

11. ఎప్పుడు ఎత్తేయాలి

మే 4 నుంచి 28 దాకా కర్తరి, అది ముగియక ముందే మే 25 ప్రాంతంలో మొదలయ్యే రోహిణి కార్తె: ఈ రోజుల్లో ఒక్క పూట కూడా ఆగకూడదు. మనుషులు ఊళ్లకు వెళ్లేదీ సరిగ్గా అప్పుడే కాబట్టి, ప్రత్యామ్నాయ పేర్లు ఏప్రిల్‌లోనే మళ్లీ సరిచూసుకోండి.

మృగశిర కార్తె రాగానే, అంటే జూన్ మొదటి వారం దాటగానే, చాలామంది సర్దేస్తారు. మన వైపు అసలు వాన ఈశాన్య రుతుపవనాలది, జూన్‌లో ఎండలు తగ్గినట్టే తగ్గి మళ్లీ మండుతాయి. తేదీ చూసి కాదు, క్యాన్ల లెక్క చూసి ఎత్తేయండి. చిత్తూరు వైపు వారైతే అసలు జూన్, జులైలోనే మొదలుపెట్టవచ్చు. మామిడి గుజ్జు పరిశ్రమల ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు బారులు తీరే రోజులు అవి. రైతులు బండి వదిలి నీళ్ల కోసం కూడా పోలేరు. అక్కడ ఒక చోట బాన పెట్టడం కంటే బండి మీద క్యాన్లు వేసుకొని వరస వెంట నడిచి పోయడం మేలు.

ఎత్తేసే రోజు గుంజల గుంతలు పూడ్చండి, ఇసుక ఎత్తండి, మేకులు పీకండి. బానలు పూర్తిగా ఎండాకే నీడలో బోర్లించి దాచండి, తడితో దాస్తే బూజు పడుతుంది. నోటు పుస్తకం చివరి పేజీలో క్యాన్లవాడి నంబరు, దుకాణం యజమాని నంబరు, ఏ వారంలో ఎన్ని క్యాన్లు పట్టాయో, ఏ వంతుకు మనిషి దొరకలేదో రాసి, వచ్చే ఏడు బాధ్యత తీసుకునేవారికి ఇవ్వండి.